ఎర్రగీత పడకుండా మారిన మాట

మొదటి ఎర్రగీత మా అమ్మ దాల్చా వండే పేజీలో పడింది. ‘మా ఇంట్లో’ అన్న రెండు మాటల మీద. కంప్యూటర్ తెర మీద ఆ రెండు మాటలూ నడుముకు అడ్డంగా గీత వేయించుకుని పడున్నాయి. వాటి పక్కనే, అదే ఎరుపులో, ‘ముస్లిం సోదరుల ఇళ్లలో’ అని కొత్త మాటలు వచ్చి కూర్చున్నాయి.

ఆ గీత గీసింది పరాయి మనిషి కాదు. నాతో కలిసి ఆ పుస్తకం రాస్తున్న మనిషి. నేను అక్కా అని పిలిచే మనిషి.

నేను నరసరావుపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. అక్క అదే కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయింది. స్టాఫ్ రూములో మా బల్లలు పక్కపక్కన ఉండేవి. నేను చేరిన కొత్తలో, మధ్యాహ్నం క్యారేజీ విప్పుతూ అడిగింది, మీ నాన్న ఏం చేస్తాడమ్మా అని. వినుకొండ రోడ్డులో ట్రాక్టర్ల షెడ్డు ఉండేదనీ, ఇప్పుడాయన లేడనీ చెప్పాను.

“మా ఈపూరు వైపు ఊళ్లకు వచ్చేవాడా?”

“ఆ ఊళ్లన్నీ ఆయన తిరిగినవేనండీ.”

ఊరి పేరు చెప్పింది. నేను తలూపాను. అక్క నా చెయ్యి పట్టేసుకుంది. “అయితే మా ట్రాక్టర్ బాగుచేసింది మీ నాన్నేనే! మా అమ్మ చేతి అన్నం తిన్న మనిషి! ఇంకేందమ్మా, నువ్వు నాకు చెల్లెలివి.”

ఆ ఇంటి సంగతి నాకు అప్పుడే గుర్తొచ్చింది. నాన్నతో ఒకసారి ఆ ఇంటికి పోయినదాన్నే. కానీ చేతిలో చెయ్యేసిన మనిషితో మొదటిరోజే ఆ మాట ఎందుకని ఊరుకున్నాను. ఆ తర్వాత ఆమె నిజంగానే నాకు అక్కయింది. నా కాన్పుకు ఆసుపత్రిలో మా అమ్మతోపాటు కూర్చుంది. రంజాన్ నెలలో మా ఇంటికి వచ్చి, వంటగదిలో పీట వేసుకుని కూర్చుని తినేది. మా అమ్మ ఆమెకు పెట్టాకే నాకు పెట్టేది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆమె చెడ్డమనిషి అని ఎవరైనా అనుకుంటే నా కోపం అర్థం కాకుండా పోతుంది. చెడ్డమనిషి చేసి ఉంటే నేను ఇంతగా మండిపోయేదాన్ని కాదు.

పుస్తకం ఆలోచన ఆమెదే. పల్నాడు వంటల మీద. ఉప్పు ఇంత, కారం ఇంత అని కొలతలు రాసే పుస్తకం కాదు. ఎవరు వండారు, ఏ పొయ్యి మీద వండారు, ఎవరికి పెట్టారు, ఎవరు చివర్లో తిన్నారు, ఇవన్నీ ఉండాలని ఆమే అంది. సగం అధ్యాయాలు ఆమె, సగం నేను. విజయవాడలో తెలిసిన ప్రచురణకర్త ఒకాయన వేస్తానన్నాడు.

“నీ వంటిల్లు, నా వంటిల్లు కలిస్తేనే అది పల్నాడు అవుద్ది. లేకపోతే సగం విస్తరే” అంది అక్క. ఆ మాట నాకు చానా రోజులు తియ్యగా ఉండింది.

మొదట్లో నేను పంపిన పేజీల్ని ఆమె ప్రింటు తీయించి పెన్సిలుతో దిద్దేది. ఆ దిద్దుబాట్లన్నీ మళ్లీ నేను కూర్చుని టైపు చెయ్యాలి. ఒక ఆదివారం వాళ్ల ఇంటికి పోయి, ఆమె ల్యాప్‌టాప్‌లో ట్రాక్ చేంజెస్ ఎలా పెట్టుకోవాలో నేనే చూపించాను. ఇది నొక్కితే మీరు చేసిన ప్రతి మార్పూ ఎర్రగా కనబడుతుంది, తీసేసిన మాట మీద గీత పడుతుంది, పక్కన కామెంట్ రాసుకోవచ్చు, నాకు నచ్చితే యాక్సెప్ట్ అంటాను, నచ్చకపోతే రిజెక్ట్ అంటాను. అక్క చిన్నపిల్లలా సంబరపడింది.

“అబ్బ, అచ్చం పరీక్ష పేపర్లు దిద్దినట్టే ఉందే!”

కొన్నాళ్లు బాగానే నడిచింది. నాకు ఒత్తుల దగ్గర తడబాటు ఉంది. వాక్యం ఒకసారి మొదలుపెడితే ఆపడం తెలియదు. ఆమె ఆ తప్పులన్నీ దిద్దేది. నేను సంతోషంగా ఒప్పుకుంటూ పోయేదాన్ని. ఆమె రాసినవి నేను చూసేటప్పుడు మాత్రం భయం భయంగా చూసేదాన్ని. జొన్నరొట్టె మీద ఆమె రాసిన అధ్యాయంలో ఒకే మాట పక్కపక్క వాక్యాల్లో వస్తే, దాన్ని మార్చడానికి కూడా ‘ఇలా అందామా అక్కా?’ అని కామెంట్ పెట్టి ఆగేదాన్ని.

తర్వాత నా ఇంటి వంటల అధ్యాయం పంపాను. అది తిరిగి వచ్చిన ఫైలు గురించే నేను చెబుతున్నది.

తెలుగు అక్షరాల మీద ఆ గీత పడితే చూడటానికి మహా అన్యాయంగా ఉంటుంది. అక్షరం నడుమ్మీద గీత, కింద ఒత్తులు వేలాడుతూ ఉంటాయి. ఏ మాట పోయిందో కళ్లు చిట్లించుకుని చదవాలి. అలా ఒక్కొక్కటే చదివాను. ‘మేము’ అని నేను రాసినచోటల్లా ‘వారు’ అయింది. ‘మా పండగ’ పోయి ‘వారి పండుగ’ వచ్చింది. ‘మా పల్నాడులో’ అన్నచోట ‘మా’ కొట్టేసి ఉత్త ‘పల్నాడులో’ మిగిల్చింది. అమ్మ చెప్పిన మాటల్లో ‘చానా’ ఉన్నచోటల్లా ‘చాలా’ చేసింది. ఇంట్లో, ఫోన్లో, బజార్లో, స్టాఫ్ రూములో నోరు తెరిస్తే తనూ చానా అనే మనిషే.

పప్పుతో కలిపి వండే దాల్చాలో ఏ మాంసం వేస్తారో అమ్మ చెప్పినట్టే రాశాను. ఉన్నరోజు పొట్టేలు, లేనిరోజు పెద్దకూర అని. పెద్దకూర కొట్టేసి ‘మాంసం’ అని పెట్టింది. పక్కన కామెంట్: ‘ఇలా చాలు కదమ్మా.’

ఆ కామెంట్లన్నీ అలాగే ఉన్నాయి. అన్నీ ముద్దుగా, బుజ్జగిస్తున్నట్టు. ‘చాలా బావుంది!’ అని ఒకటి. ‘మీ అమ్మగారిని అడిగానని చెప్పు’ అని ఒకటి. ఒకచోట మాత్రం పొడిగా ఉంది: ‘ఇది వంటల పుస్తకం కదా. అవసరమా?’

ఆ కామెంట్ ఉన్నచోట ఒక పేరా సగం నుంచి చివరిదాకా గీతల కింద ఉంది. అందులో నేను రాసింది ఇదీ.

నాన్న ఊళ్లలో ట్రాక్టర్లు బాగుచెయ్యడానికి పోతే, ఒక ఇంట్లో ఆ ఇంటామె పెట్టే గోంగూర పచ్చడి గురించి రాత్రి మాకు కథలా చెప్పేవాడు. జొన్నసంకటి మీద వెన్న వేసి మరీ పెట్టేదట. అంత రుచి మన ఇంట్లో కూడా రాదని అమ్మను ఉడికించేవాడు. ఒకసారి నన్నూ వెంట తీసుకుపోయాడు. పశువుల కొట్టం వసారాలో ఆకులు వేశారు. నిజంగానే అమృతంలా ఉంది ఆ పచ్చడి. నాకు గొంతు మండి నీళ్లు అడిగితే, నాన్న లేచి కొట్టం గోడలో ఉన్న గూట్లోంచి ఒక గాజు గ్లాసు తీశాడు. అది ఆయన కోసం పెట్టిన గ్లాసు. తాగాక దాన్ని ఆయనే కడిగి, ఆ గూట్లోనే బోర్లించాలి. ఆ ఇంట్లోవాళ్లు ఎవరూ దాన్ని ముట్టుకోరు. నేను తాగాను, నాన్న తాగాడు, కడిగి బోర్లించాడు, వచ్చేశాం.

ఊరు రాయలేదు. ఇంటిపేరు రాయలేదు. అది అక్కావాళ్ల ఇల్లు అని ఆమెకూ నాకూ తప్ప చదివేవాళ్లకు తెలిసే దారే లేదు. ఆమె గోంగూర దాకా ఉంచింది. వెన్న ఉంచింది. ‘అమృతంలా ఉంది’ అన్న మాట ఉంచింది. గూడు దగ్గర నుంచి గీత మొదలైంది.

ఆ రోజు కాలేజీలో నాకు క్లాసు ఉంది. ఏం చెప్పానో తెలియదు. సాయంత్రం ఇంటికొచ్చి మళ్లీ ఫైలు తెరిచాను. ఒత్తులూ, కామాలూ, వాక్యాల దిద్దుబాట్లూ అన్నీ యాక్సెప్ట్ చేశాను. ‘మా’ అన్నవన్నీ రిజెక్ట్ చేశాను. చానా, పెద్దకూర, గ్లాసు, అన్నీ రిజెక్ట్. అప్పటికీ మర్యాద వదల్లేదు. ఒక్కోదాని పక్కన కారణం రాశాను. ‘అక్కా, ఇది మా ఇల్లే కాబట్టి మా అనే ఉండాలి.’ ‘అక్కా, ఇది అమ్మ మాట, ఆమె ఇలాగే అంటుంది.’ గ్లాసు దగ్గర: ‘ఎవరు ఎవరికి ఎలా పెట్టారో రాయాలని మీరే అన్నారు కదా అక్కా.’ అలా అక్కా అక్కా అని ఎన్నిసార్లు రాశానో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే మంట.

ఆమె ఫోన్ చేసింది.

“చూశానమ్మా. నువ్వన్నదీ నిజమే. సరే, నువ్వు చెప్పినట్టే కానిద్దాం. నేను ఒకసారి మొత్తం చదివి క్లీన్ కాపీ పంపుతా. దాన్నే విజయవాడ పంపేద్దాం.”

ప్రాణం లేచి వచ్చింది. ఇంత మంచి మనిషిని అనుమానించానే అనుకున్నాను. నాలుగు రోజుల తర్వాత ఫైలు వచ్చింది. ఒక్క గీత లేదు, ఒక్క కామెంట్ లేదు. కడిగిన పళ్లెంలా ఉంది. పైపైన చూశాను. గ్లాసు పేరా ఉన్నచోటే ఉంది. ఇంక పంపేద్దామనుకుంటూ ఉండగా అమ్మ గుర్తొచ్చింది. ఆమెకు తెలుగు చదవడం రాదు. తన మాటలు అచ్చు కాబోతున్నాయి కదా, ఒకసారి వినిపిద్దామనిపించింది.

అమ్మ మంచం మీద కూర్చుని వెల్లుల్లి వలుస్తోంది. నేను కుర్చీలో కూర్చుని చదవడం మొదలుపెట్టాను. మొదటి పేజీ వింది. రెండో పేజీలో చెయ్యి ఆపింది.

“ఇది ఎవరి గురించి రాశావే?”

“మన గురించే అమ్మా.”

“మన గురించైతే వాళ్లు వాళ్లు అంటావేంది?”

నేను తెర వంక చూశాను. అప్పటిదాకా నేను చదువుతున్నాను గానీ వినడం లేదు. ‘పండుగనాడు వారు తెల్లవారకముందే లేచి’ అని ఉంది. నేను రాసింది ‘పండగనాడు మేము తెల్లారకముందే లేచి’. నా నోటితోనే నేను మమ్మల్ని వారు అని చదివేశాను, నాకే తెలియలేదు.

పాత ఫైలు తీసి, రెంటినీ కంపేర్ చెయ్యమని పెట్టాను. ఒక్క క్షణం తెర కదలకుండా నిలబడి, తర్వాత పేజీ పేజీనా ఎరుపెక్కింది. నేను కాదన్నవన్నీ ఉన్నాయి. ట్రాకింగ్ ఆపేసి, గీతలు పడకుండా, అన్నీ మళ్లీ మార్చింది. గ్లాసు పేరాను మాత్రం కొట్టెయ్యలేదు. దిద్దింది. ఇప్పుడు దాంట్లో గూడు లేదు, కొట్టం లేదు, బోర్లించడం లేదు. ‘దాహం వేస్తే ఆప్యాయంగా గ్లాసుతో నీళ్లిచ్చారు’ అని ఉంది.

ఆప్యాయంగా!

ఆ ఒక్క మాటను మళ్లీ మళ్లీ చదివాను. గీత కొట్టినప్పుడు నా పేరా చచ్చిపోయి అయినా కళ్ల ముందు ఉంది. ఇక్కడ దాన్ని బతికించి, దాని నోట అబద్ధం చెప్పించింది. అది కూడా నా గొంతుతో, నా పేరు కింద, చచ్చిపోయిన మా నాన్న మీద. పైగా గీత పడకుండా. మొదటిసారి చేసినప్పుడు కనీసం నాకు కనబడేట్టు చేసింది, నన్ను అడిగినట్టయింది. ఈసారి చేసింది దొంగతనం. దొంగతనం అన్న మాటే రాస్తున్నాను. ఇంతకంటే మెత్తని మాట కోసం వెతికే ఓపిక నాకు లేదు.

“ఏందే, ఏమైంది?” అంది అమ్మ.

“అక్క మార్చింది.”

“ఎందుకు?”

“పోయి అదే అడిగొస్తా.”

ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను. మధ్యాహ్నం ఎండ భగభగమంటోంది. దారి పొడుగునా ఏమనాలో మనసులో కూర్చుకుంటూ పోయాను. కూర్చుకున్నదేదీ అక్కడ నోటికి రాలేదు.

అక్కే తలుపు తీసింది. “రా రా, ఇంత ఎండలో వచ్చావేందే? ఫోన్ చేస్తే నేనే వచ్చేదాన్ని కదా. మజ్జిగ తాగుతావా?”

“వద్దక్కా. గీతలు పడకుండా ఎందుకు మార్చారు?”

“ఏంది మార్చింది?”

భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి ఆమె వైపు తిప్పాను. ఎర్రగా ఉంది తెరంతా. హాల్లో మంచం మీద వాళ్లమ్మ కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. గోంగూర పచ్చడి పెట్టిన ఆమే. ఇప్పుడు కూతురి దగ్గరే ఉంటుంది. తలెత్తి నన్ను చూసి నవ్వింది.

అక్క కళ్లజోడు తీసి చీరచెంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. “ఆ బటన్ ఎప్పుడు ఆఫ్ అయిందో నాకు తెలీదమ్మా. నాకు ఈ కంప్యూటర్లు ఏం తెలుసు?”

“బటన్ దానంతటదే ఆఫ్ అయిందనుకుందాం. మేము అన్నవన్నీ దానంతటదే వెతుక్కుని వారు అయిపోదు కదా.”

అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

“సరే, నేనే మార్చా. ఏం చెయ్యమంటావ్? ప్రతిదానికీ కాదంటివి. నీ మంచికే మార్చా. రోజులు ఎట్లా ఉన్నాయో నీకు తెలీదా? పెద్దకూర అని అచ్చులో కనబడితే, ఎవడో ఒకడు ఫొటో తీసి ఫోన్లలో తిప్పుతాడు. ఎవరి ఇంటి మీదకొస్తారు? నా ఇంటి మీదకా?”

“పెద్దకూర సంగతి వేరుగా మాట్లాడదాం. మా ఇంట్లో అని రాస్తే ఎవరొస్తారక్కా?”

“పుస్తకం ఇద్దరిదీ కదా. మా అంటే చదివేవాడికి ఎవరి ఇల్లో ఎట్లా తెలుస్తది? తికమక పడతాడు.”

“మీ అధ్యాయాల్లో మా అట్లాగే ఉంచుకున్నారుగా. అక్కడ తికమక పడడా?”

ఆమె నా వంక వింతగా చూసింది. అప్పుడు నాకు అర్థమైంది, ఆమెకు ఆ ఆలోచనే రాలేదని. తన ఇంట్లో తను మా అనుకోవడం గాలి పీల్చినంత మామూలు. నేను అనుకుంటేనే ఎవరి ఇల్లు అన్న ప్రశ్న పుడుతుంది. పల్నాడు ఆమెది. నేను అందులో ఒక అధ్యాయాన్ని. ఇన్నేళ్లు నా చెయ్యి పట్టుకున్నదీ, నన్ను చెల్లెలు అన్నదీ ఆ లెక్కలోనే. ఆ సంగతి ఆమెకు కూడా తెలియదు. అదే నాకు ఎక్కువ మండింది.

“మరి గ్లాసు?” అన్నాను.

“ఏ గ్లాసు?” మంచం మీద నుంచి వాళ్లమ్మ అడిగింది.

“ఏం లేదమ్మా, నువ్వు పని చూసుకో” అంది అక్క.

నేను మంచం వైపు తిరిగాను. “మా నాన్న నీళ్లు తాగే గ్లాసు అమ్మమ్మా. కొట్టం గూట్లో ఉండేది.”

“ఆ, మెకానిక్ సాయిబు గ్లాసు! ఉండేదిగా. ఆయనకొకటి, కూలోళ్లకొకటి. లోపలి గ్లాసు బయటికి పోతే మా అత్త ఊరుకునేదా? ఆమె పోయినాక కూడా అట్లాగే నడిచింది. ఇప్పుడేందంట?”

“అది పుస్తకంలో రాశాను. అక్క మార్చింది. ఆప్యాయంగా నీళ్లిచ్చారు అని రాసింది.”

ముసలామె కూతురి వంక చూసింది. “ఎందుకు మార్చావే? జరిగిందేగా. రాసుకోనీ.”

“అమ్మా, నీకు తెలీదు, నువ్వు ఊరుకో.”

“నాకు తెలీకపోవడమేందే? గ్లాసు పెట్టింది నేనైతే!”

ఆమె గొంతులో సిగ్గు అన్నది లేదు. తప్పు చేశామన్న మాట కూడా ఆమె నోట రాలేదు. మళ్లీ తల వంచుకుని ఈనెలు తియ్యసాగింది. న్యాయంగా ఆమె మీద నాకు కోపం రావాలి. రాలేదు. మా నాన్న ఆ గ్లాసుతో తాగాడని ఒప్పుకున్న మనిషి ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. వచ్చిన కోపమంతా అక్క మీదకే పోయింది.

అక్క మొహం ఎర్రబడింది. “చూడమ్మా, మా తమ్ముడు ఊళ్లో సర్పంచ్‌గా నిలబడతాడు. మీ వాళ్ల ఓట్లూ కావాల, అందరి ఓట్లూ కావాల. రేపెవడో ఈ పేజీ పట్టుకుని ఊరంతా తిరుగుతాడు. నాకు పుట్టిల్లు ఉండొద్దా?”

“ఊరి పేరు రాయలేదు. మీ పేరు రాయలేదు.”

“తెలిసినోళ్లకు తెలుస్తది.”

“తెలిసినోళ్లకు ముందే తెలుసుగా అక్కా!”

నా గొంతు లేచింది. ఆ ఇంట్లో నేను ఎప్పుడూ అలా అరవలేదు. ముసలామె చెయ్యి ఆగిపోయింది. అక్క లేచి నిలబడింది.

“ఆ పేరా ఉంటే ఆ పుస్తకం మీద నా పేరు ఉండకూడదు.”

“అయితే తీసెయ్యండి.”

“ఏందీ?”

“మీ పేరు తీసెయ్యండి. మీ అధ్యాయాలు మీరు తీసుకోండి, నావి నేను తీసుకుంటా. నా ఇంటి గురించి వాళ్లు అని రాసుకోవాల్సినంత ఖర్మ నాకు పట్టలేదు.”

ల్యాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకుని వచ్చేశాను. వెనక నుంచి ముసలామె ‘అన్నం తినిపో పిల్లా’ అని కేకేసింది. నేను తిరిగి చూడలేదు.

ప్రచురణకర్తకు ఫోన్ చేస్తే, మీలో మీరు తేల్చుకోండి మేడం, నన్ను మధ్యలో పెట్టకండి అన్నాడు. తేల్చుకునేదేమీ మిగల్లేదు. నా అధ్యాయాలు వాడొద్దని ఇద్దరికీ మెయిల్ రాశాను. సరే అని ఆయన జవాబిచ్చాడు. అక్క జవాబివ్వలేదు.

అక్క పుస్తకం కొన్ని నెలలకు వచ్చింది. కాలేజీలో ఎవరో తెచ్చి నా బల్ల మీద పెట్టారు. అట్ట మీద రోలూ, ఎండుమిరపకాయలూ. ముట్టుకోకూడదనుకున్నాను గానీ ముట్టుకున్నాను. జొన్నరొట్టె అధ్యాయం బావుంది, అబద్ధం చెప్పను. ఆమె తెలుగు ఎప్పుడూ బావుంటుంది. చివర్లో ‘ఇతరుల వంటలు’ అని చిన్న భాగం ఉంది. అందులో దాల్చా ఉంది. నా వాక్యాలు కావు, తన వాక్యాలతోనే రాసింది. కానీ చింతపండు పులుసు ఎప్పుడు పొయ్యాలో, సొరకాయ ముక్కలు ఎప్పుడు వెయ్యాలో, అంతా మా అమ్మ చెప్పిందే. ముందుమాటలో ఒక వాక్యం ఉంది. దాల్చా వివరాలు అందించిన ఒక ముస్లిం సోదరికి కృతజ్ఞతలు.

ఇన్నేళ్లు పక్కపక్క బల్లలు. ఒకే క్యారేజీలో కూర. చివరికి నేను ఒక ముస్లిం సోదరిని!

స్టాఫ్ రూములో అందరూ ఉండగానే ఫోన్ చేశాను. ఆమె ఎత్తింది.

“పేరు ఎందుకు రాయలేదు?” అన్నాను. అక్కా అనలేదు.

“నువ్వే వద్దన్నావు కదమ్మా. పేరు రాస్తే నీకు ఇబ్బంది అవుద్దేమోనని.”

“నా పేరు నాకు ఇబ్బందని మీకెవరు చెప్పారు?”

“అట్లా కాదు...”

“వాడొద్దన్నది నా రాతను. అమ్మ చెప్పింది వాడుకున్నారు కదా, మా అమ్మ పేరు రాయొచ్చు కదా. ఆమె మీకు పెట్టిన అన్నానికి పేరు లేదా?”

ఆమె ఏడుస్తున్నట్టు అనిపించింది. నేను ఫోన్ పెట్టేశాను. పక్క బల్ల మీదామె, మరీ అంత గట్టిగా ఎందుకండీ, పెద్దావిడ అంది. ఆమె మీద కూడా అరిచాను.

ప్రచురణకర్తకు రాస్తే, మళ్లీ అచ్చు వేసేటప్పుడు ఆ పేజీలు తీసేస్తానన్నాడు. చూడాలి. నా అధ్యాయాలకు ఇంకో నాలుగు చేర్చి, ఊళ్లోనే ఒక ప్రెస్సులో ఇచ్చాను. ఆ పని నడుస్తోంది. గ్లాసు పేరా నేను మొదట రాసినట్టే ఉంది. పెద్దకూర దగ్గర మాత్రం అమ్మనూ, మా ఆయన్నూ కూర్చోబెట్టుకుని మాట్లాడాను. ఎవడో ఫోన్లలో తిప్పుతాడని అక్క అన్న భయంలో నిజం లేదని నేను అనను. ఆ మాట ఉంచాలా వద్దా అన్నది మేము ముగ్గురం తేల్చుకున్నాం. ఉంచాం. ఆ భయం మాది. తేల్చుకోవాల్సింది మేమే. నా తరఫున భయపడి, నాకు చెప్పకుండా నా నోరు నొక్కమని నేను ఎవరికీ రాసివ్వలేదు.

మొన్న రంజాన్‌కు అమ్మ నాకు చెప్పకుండా ఆమెకు ఫోన్ చేసి పిలిచింది. నేను ముందుగదిలో ప్రూఫులు చూసుకుంటున్నాను. గేటు చప్పుడైంది. ఆ నడక నాకు తెలుసు. ఆమె నా గది దాటి నేరుగా వంటింట్లోకి పోయింది. పీట లాగిన చప్పుడు వినిపించింది. ఇద్దరూ మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. ఏదో మాటకు నవ్వుకున్నారు కూడా. “ఏమే, అక్కొచ్చింది” అని అమ్మ రెండుసార్లు పిలిచింది. పనుందమ్మా అన్నాను.

పోయేటప్పుడు నా గుమ్మం దగ్గర ఆగింది. “పోయొస్తానే” అంది. నేను కాగితాల మీద నుంచి తలెత్తకుండా ఊ అన్నాను. ఆమె చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. “ఇంటికొచ్చిన మనిషి మొహం చూడవా? ఇదెక్కడి పద్ధతే?”

“నువ్వు పెట్టుకో అమ్మా. పెట్టొద్దని నేను అన్నానా? నాకు కోపం తగ్గలేదు. తగ్గినట్టు నటించడం నాకు చేతకాదు.”

“తగ్గకపోతే తగ్గకపోయె. కోపంగానే వచ్చి తిను, చల్లారిపోతంది.”

లేచి వెళ్లి తిన్నాను. కోపంగానే.